చాచా దుకాణానికి పాట మోసినవాళ్ళం

చాచా పోయిన వారానికే ఊళ్ళో ప్రతివాడూ ఆయనకు ప్రాణమిత్రుడైపోయాడు. మా సందు చివరి వకీలుగారు, తనను అడగనిదే చాచా తన దుకాణానికి కొత్త గ్రామఫోను ప్లేటు తెప్పించేవాడే కాదని చెప్పుకున్నాడట. కల్లు కంట్రాక్టరు భార్య, తమ ఇంటి పెళ్ళికి పెట్టిన పాటలు ఆయన ఇంకెవరి పెళ్ళికీ పెట్టలేదని వాడవాడా తిరిగి చెప్పింది. ఒక పంతులుగారైతే అసలు ఆ దుకాణం పెట్టించిందే తానన్నంత దూరం పోయాడు. నేను ఆదిలాబాద్ నుంచి వచ్చి బస్సు దిగి, పుట్టింటి గడపలో చెప్పులైనా విప్పకముందే ఇవన్నీ చెవిన పడ్డాయి. చూసినవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మనిషి మీద వీళ్ళకేం హక్కు?

హక్కంటూ ఉంటే నాది. ఆ మాట పదిమందిలో అంటే బాగుండదు కనుక ఇన్నాళ్ళకు కాగితం మీద అంటున్నాను.

కరీంనగర్ బజారులో ఒక మలుపు దగ్గర ఉండేది ఆ దుకాణం. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, నడుమ ఒక ఆకుపచ్చ తెర. ముందు గదిలో రెండు అద్దాల బీరువాల నిండా గ్రామఫోను ప్లేట్లు, ఒక బల్ల, బల్ల మీద ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోను. పైన బోర్డు మొదట ఉర్దూలోనే ఉండేది. తర్వాత ప్రభుత్వం మారి, మా బాపు పనిచేసే సర్కారు కచేరీలో కాగితాల భాష మారుతూ వచ్చిన రోజుల్లో, బోర్డు కింది సగంలో తెలుగు అక్షరాలు కూడా చేరాయి. చాచా బక్కపలచటి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, దారం కట్టిన కళ్ళద్దాలు, బుగ్గన ఎప్పుడూ ఒక పోకచెక్క. ప్లేట్లు అమ్మేవాడు, చెడిపోయిన గ్రామఫోన్లు బాగుచేసేవాడు, పెళ్ళిళ్ళకు పాటల పెట్టె అద్దెకు తీసుకుపోయి తానే దగ్గర కూర్చుని తిప్పేవాడు. ఆయన సంపాదన వీటితోనే.

మా గల్లీ ఆడవాళ్ళకు మాత్రం ఆ దుకాణంతో వేరే సంబంధం ఉండేది. మధ్యాహ్నం నమాజు, భోజనం అయ్యాక, సాయంత్రం ఇళ్ళలో పొయ్యిలు ముట్టించే లోపల, చాచా బాకాను మా గల్లీ వైపు తిప్పి నాలుగు పాటలు పెట్టేవాడు. అమ్మకానికి కాదు, ఊరికే. అవి ఏ పాటలు కావాలో గల్లీ ఆడవాళ్ళే అడిగేవారు. ఎట్లా అడగాలి? వాళ్ళకు పాట పేరు తెలియదు, మాటలు తెలియవు. ఎవరింటి పెళ్ళిలోనో మోగిన పాట నాలుగు గోడలు దాటి వచ్చేసరికి మాటలన్నీ దారిలోనే రాలిపోయి రాగం ఒక్కటే చేరేది. ఆ రాగాన్ని వాళ్ళు కూనిరాగం తీసి చూపగలరు. కాని బజారులో దుకాణం ముందు నిలబడి పెద్దింటి ఆడమనిషి కూనిరాగం తీయడమా? అందుకని ఒక పిల్లకు నేర్పి పంపేవారు. ఆ పిల్ల నేనే.

"పిల్లా, గీ పాట తీస్కపో. దార్ల ఎవ్వలతోని మాట్లాడకు, ఒలుకుతది," అనేది పక్కింటి పెద్దమ్మ, బియ్యం చేటలోంచి తల ఎత్తకుండానే.

నిండు బిందె మోసినట్టే మోసేదాన్ని. పెదవులు బిగించి, ముక్కుతో రాగం తీసుకుంటూ, ఎవరు పలకరించినా తల ఊపి నడిచేదాన్ని. ఆ కొద్ది దూరంలోనే ఎన్ని అడ్డాలు! గాజులమ్మేవాడి అరుపు ఒకటి, మసీదులో పిలుపు ఒకటి, జొన్నరొట్టెల అవ్వ పక్కవాళ్ళను తిట్టే తిట్లు ఒకటి. ఆ తిట్లకు కూడా ఒక రాగముండేది. దుకాణం మెట్టెక్కి, ఊపిరి పీల్చి, చాచా చెవి దగ్గర దించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు.

"హూఁ. ఇంకోపాలి."

ఇంకోసారి.

"ఇంకోపాలి, జర నిమ్మలంగ."

నాలుగోసారికి లేచి, బీరువా తలుపు తీసి, కొన్నిసార్లు సరైన ప్లేటే తీసేవాడు. కొన్నిసార్లు తీయలేకపోయేవాడు.

"బేటీ, గీ పాట దునియాల యాడ లేదు. సగం మీ పెద్దమ్మది, సగం నీది."

"పెద్దమ్మ గిట్లనే పాడింది!"

"గిట్ల పాడితె మీ పెద్దనాన ఎన్నడో కాశికి పోతుండె."

నేను ఒప్పుకునేదాన్ని కాదు. పెద్దమ్మదే తప్పు, చాచా చెవిదే తప్పు, నాది మాత్రం కాదు. వాదన పెట్టుకునేదాన్ని. పాట దొరికినా వాదనే. మొదటి తరగతులు ఉర్దూ బడిలో చదివాను కనుక ఆ ఉర్దూ పాటల మాటలు నాకు అర్థమయ్యేవి.

"చాచా, గీమె గంతగనం ఎందుకేడుస్తది? వాడు రాకుంటె ఇంట్ల పనేం లేదా గీమెకు?"

"నీకు చెవులకంటె నోరు జల్ది ఎదిగిందే బేటీ," అనేవాడు చాచా, సూది మార్చుకుంటూ.

తెర వెనక నుంచి చాచా భార్య, మా చాచీ, నవ్వు సన్నగా వినిపించేది. చాచీ ఎప్పుడూ ఆ తెర దాటి వచ్చేది కాదు. నాకు ఎండలో వచ్చానని మంచినీళ్ళ గ్లాసు ఇవ్వడానికి గాజుల చేయి ఒక్కటి బయటికి వచ్చేది.

ఆ మధ్యాహ్నాలు నావి. గల్లీలో బాకా మోగగానే పెరడుల్లో, మేడల మీద ఆడవాళ్ళు పనులాపి వినేవారు. నేను మా గడపలో కూర్చుని, ఇది నేను తెచ్చిన పాట, ఇది నేను తెచ్చింది కాదు, అని మనసులో ఏరుకునేదాన్ని. నేను తేని పాటలు ఎందుకో అంత బాగుండేవి కావు.

అట్లా ఉండగా మా అన్నకు పెళ్ళయింది.

వదిన చెన్నూరు పిల్ల. వాళ్ళ నాన్న బొగ్గు బావుల కాలనీలో గుమాస్తా. ఆ కాలనీలో ఎక్కడెక్కడి మనుషులో వచ్చి ఉండేవారు కనుక రకరకాల పాటలు వింటూ పెరిగిందట. ఆ సంగతి కూడా నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది, అడిగితే తప్ప ఏదీ చెప్పే మనిషి కాదు కనుక. ఎనిమిదో తరగతి చదివింది. మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి పని చేసుకుపోవడమే తప్ప మాటే లేదు. అవ్వ, అంటే మా అమ్మ, మురిసిపోయింది. "ఇంట్ల మనిషి ఉన్నదా లేదా అన్నట్టుంటది," అని అందరికీ చెప్పింది, నా వైపు చూస్తూ.

ఒక రోజు పెద్దమ్మ మా ఇంటికే వచ్చి ఒక పాట ఇచ్చింది. పక్కన వదిన చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను పాట తీసుకుని పోయాను. చాచా నాలుగుసార్లు విన్నాడు, ఐదోసారి విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వచ్చి చెబితే పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. అప్పుడు వదిన చేతులు కడుక్కుని, అవ్వతో, "నేను పోయి రానా అత్తమ్మా?" అంది. అంతపెద్ద మాట ఆమె నోటి నుంచి వినడం అదే మొదలు.

కొత్త కోడలిని ఒంటరిగా పంపరు కదా, తోడు నేను. అంటే నా చేతులతో నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. మీ ఊళ్ళో గోదారి ఎంత దూరం, మీ అవ్వ ఏ పచ్చడి పెడుతుంది, మా అన్న గురక పెడతాడా? పాట ఒలికిపోవాలనే అడిగాను, వేరే ఆసక్తి ఏమీ లేదు. ఆమె అన్నింటికీ తల ఊపింది.

కోడలుపిల్ల దుకాణం ముందు నిలబడకూడదని చాచీ ఇంటి తలుపు వైపు నుంచి లోపలికి పిలిచింది. నేను ముందు గదిలో చాచా ఎదురుగా, నేనెప్పుడూ కూర్చునే చిన్న పీట మీద కూర్చున్నాను. తెర వెనక నుంచి వదిన రాగం తీసింది.

చాచా సూదుల డబ్బా మూత పెడుతున్నాడు. ఆ చేయి అట్లాగే ఆగిపోయింది. ఆమె పాట ముగించేదాకా కదల్లేదు. 'ఇంకోపాలి' అనలేదు. లేచి, మొదటి బీరువా కింది అరలో నుంచి ఒక ప్లేటు తీసి, తొడుగు విప్పి, పెట్టాడు. అదే పాట.

"ఎవలే గామె?"

"మా వదినె. చెన్నూరు..."

"ఊరు అడుగలే బేటీ. గా చెవులు యాడ దొరికినయని అడుగుతున్న."

ఆ మధ్యాహ్నం గల్లీ అంతా ఆ పాట విని వహ్వా అంది. నా కళ్ళలో ఎవరో కారం చల్లినట్టుంది.

ఆ తర్వాత పాటలన్నీ వదినకే ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మ, వకీలు ఇంటివాళ్ళు, చివరికి జొన్నరొట్టెల అవ్వ కూడా. నేను తోడు వెళ్ళేదాన్ని. పాట మోసేది ఆమె, నీడలా వెంట నడిచేది నేను. ఆమెకు మాటలు తెలియవు, ఉర్దూ ఒక్క ముక్క రాదు. కంట్రాక్టరు ఇంట్లో పెళ్ళికి పాట కావాలంటే, ఎక్కడో విన్న ఒక రాగం పట్టుకుపోయింది. అది చచ్చిపోయిన భర్తను తలచుకుని ఏడ్చే పాట! నేను తెలిసి కూడా నోరు మూసుకుని, తమాషా చూద్దామని ఆగాను. పాట మోగింది. పెళ్ళివారు తలలూపుతూ విన్నారు. ఒక్కరికీ ఏమీ అనిపించలేదు.

"చాచా, గది సావు పాట!" అని మరునాడు వెళ్ళి నిలదీశాను.

"తెలుసు బేటీ. రాగం మంచిగున్నది. పెండ్లి అయింది. నువ్వు ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

నేనెందుకు పరేషాన్ అవుతున్నానో ఆయనకు అర్థం కాలేదా, అయి కూడా ఆడుకున్నాడా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజు మాత్రం అడిగేశాను.

"నేను తెచ్చిన పాటలు ఎందుకు దొర్కయి, ఆమెయి ఎందుకు దొర్కుతయి?"

చాచా పోకచెక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు. "నువ్వు తెచ్చిన పాట దార్ల నీదయితది బేటీ. ఆమె తెచ్చింది ఎవలదో గాల్లదే ఉంటది."

రెండు రకాల చాయ్ పొడి గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను ఆ వానాకాలమంతా ఆయన దుకాణం మెట్టు ఎక్కలేదు. ఎంత పంతమో నాకే తెలుసు, ఎందుకంటే అటు పక్క ఎవరూ గమనించలేదు. చివరకు చాచీ పెద్దమ్మతో, "పిల్లకు జరం గిట్ల వచ్చిందా?" అని అడిగించింది. చాచా అడిగించలేదు.

పెద్ద చదువుకని హైదరాబాద్ వెళ్ళాను. అక్కడ పెద్ద పెద్ద రికార్డు దుకాణాలు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా చాచా ముందు కూర్చుని వాటి గొప్పలు చెప్పేదాన్ని. అద్దాల గది ఉంటుంది చాచా, లోపల కూర్చుని వినొచ్చు, పంకా తిరుగుతుంటుంది, చీటీ మీద పాట పేరు, నంబరు రాసిస్తే చాలు.

"పేరు తెల్వకుంటె?"

"తెల్వకుంటె ఎట్ల ఇస్తరు?"

"మరి గదేం దుకాణమే?" అన్నాడు. అని, వెంటనే, "మీ వదినె బాగున్నదా? నిన్న ఒక పాట తెచ్చింది సూడు..." అని మొదలుపెట్టాడు. నేను హైదరాబాద్ నుంచి వచ్చి ఎదురుగా కూర్చుని ఉన్నాను. మా వదిన గల్లీలో మా ఇంట్లో పప్పు రుబ్బుకుంటోంది. ఆయన అడిగేది ఆమె గురించి.

నాకు పెళ్ళయింది. మావారికి ఆదిలాబాద్‌లో సర్కారు కొలువు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా దుకాణానికి వెళ్ళేదాన్ని. చాచా మెల్లమెల్లగా ఎండిపోతున్నాడు. బాకా ఇంకా మోగేది, నాలుగు పాటలు రెండయ్యాయి. రేడియోలు వచ్చాయి కదా, గల్లీలో అడిగేవాళ్ళు తగ్గారు. వదిన మాత్రం మానలేదు. ముగ్గురు పిల్లల్ని కని, వాళ్ళను అవ్వకు అప్పగించి, తానే సొంతంగా ఏదో ఒక పాట పట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్ళి తెర అవతల కూర్చునేదట. ఇది నాకు చెప్పింది ఆమె కాదు, అన్న. చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చాచా పోయాడని అన్న జాబు రాశాడు. రెండో వాక్యం, 'మీ వదిన రెండు రోజుల నుంచి అన్నం ముట్టలేదు' అని. ఒక మనిషి పోయిన జాబు చదువుతూ, ఆమె ఎందుకు తినలేదు, ఆమెకేమవుతాడు, అని మండిపడిన దానను నేను. ఆ పూట నేను తిన్నాను. కసిగా తిన్నాను.

అట్లా వచ్చాను, మొదట చెప్పిన ఆ గడపలోకి. మరునాడు నేనూ వదినా చాచీ దగ్గరకు వెళ్ళాం. వాళ్ళ ఆచారంలో భర్త పోయిన ఆమె నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదు. తెల్లటి దుప్పటి కప్పుకుని వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది. నేను అన్ని సంవత్సరాలలో ఆమె ముఖాన్ని వెలుతురులో సరిగా చూసింది అప్పుడే. పలచటి ముఖం, చిన్న కళ్ళు. ఓదార్పు మాటలు నేనే చెప్పాను. కాసేపటికి చాచీ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీకు ఒక పని చెప్పనా బిడ్డా?"

"చెప్పు చాచీ," అన్నాను నేను, వదిన కంటె ముందుగా.

"ఆఖరు దినాల్ల ఆయన ఒక పాట అనుకుంటుండె. పొద్దుగాల గడ్డం దువ్వుకుంట, పోకచెక్క కత్తిరించుకుంట, గదే పాట. ఏం పాట గిది అంటె నవ్వుతుండె, చెప్పకపోతుండె. బీర్వాల ఉన్నదో లేదో. నాకు ఒక్కపాలి వినాలని ఉన్నది. దొరికిస్తరా?"

అని కూనిరాగం తీసింది. వయసు మీరిన గొంతు, వణుకుతూ. మేమిద్దరం ఊపిరి బిగపట్టి విన్నాం. ఒకరినొకరం చూసుకోలేదు. చాచీ ఎవరిని అడిగింది, నన్నా, వదిననా? 'మీకు' అంది. ఆ 'మీకు'లో ఎవరి వాటా ఎంతో తేలాలంటే పాట ఎవరు తెస్తారో తేలాలి. గడువు కూడా ఉంది. చాచీ అల్లుడు ఆ ముందు గదిని సైకిల్ దుకాణం చేయబోతున్నాడు, చాచీ గడప దాటే రోజు వచ్చేసరికి బీరువాలు ఖాళీ అవుతాయి.

చావు జరిగిన ఇంట్లో పాటలు మోగించకూడదు కనుక ప్లేట్లను దుప్పట్లలో కట్టి కొన్ని కొన్నిగా మా ఇంటికి తెచ్చాం. గ్రామఫోను కూడా తెచ్చాం. నేను తాళం తిప్పి పెట్టడం, వదిన వినడం. రెండు చుట్లు తిరిగీ తిరగకముందే తల అడ్డంగా ఊపేది.

"కాదు."

"మొత్తం విను వదినె, నడుమల రావచ్చు."

"రాదు."

ఆ 'రాదు'కు నాకెంత ఒళ్ళు మండేదో. పోనీ నా చెవికి తెలిసిందా అంటే, నాకు ప్రతి ప్లేటూ అదేనేమో అనిపించేది. బీరువాలు రెండూ అయిపోయాయి. పాట లేదు.

ఆదిలాబాద్‌కు తిరుగు బస్సు ఎక్కేటప్పుడు నేను ఒక నిశ్చయానికి వచ్చాను. మా ఆదిలాబాద్ బజారులో ఒక రికార్డు దుకాణముంది. పెన్‌గంగ అవతలి నుంచి వచ్చిన మరాఠీ మనిషిది. అక్కడ వెతుకుతాను, వదినకు చెప్పకుండా. ప్లేటు పట్టుకుని నేనే వచ్చి చాచీ చేతిలో పెడతాను. కరీంనగర్ నుంచి పాట ఎత్తుకున్నాను. జగిత్యాల దాకా క్షేమంగానే ఉంది. సోన్ వంతెన దగ్గర గోదారి నిండుగా కనిపించి ఒక్క క్షణం మనసు అటు పోయింది. నిర్మల్‌లో ఒక బాలింత పక్కన కూర్చుని బిడ్డకు జోల అందుకుంది. ఇంటికి చేరేసరికి పాట నా దగ్గర ఉంది, అయితే కొంచెం బలిసింది.

మావారిని వెంటపెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాను. నడివయసు చేరువలో ఉన్న ఆఫీసరుగారి భార్య బజారులో నిలబడి కూనిరాగం తీస్తుంటే, ఆయన పక్కన ఉన్న సైకిల్ చక్రాన్ని ఎంతో శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు.

"నావ్ చెప్పు బాయీ, పాట నావ్," అన్నాడు దుకాణదారు.

"పేరు తెల్వదు. విని చెప్పు."

విన్నాడు. మళ్ళీ వినిపించాను. దయగల మనిషి, నవ్వలేదు.

"బాయీ, గిది ఒక్క పాట కాదు. మూడు పాటలు."

ఇంటికి వచ్చి అన్నకు జాబు రాశాను. 'వదినను ఒకసారి పంపు' అన్న ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు పట్టినంత సేపు డిగ్రీ పరీక్షలో ఏ జవాబుకూ పట్టలేదు.

అన్న తానే తీసుకుని వచ్చాడు. బస్సు దిగుతూనే నా దగ్గర మొర పెట్టుకున్నాడు. "ఎక్కిన కాంచి నోరు తెరువలే చెల్లే. ఛాయ్ తాగుతవా అంటె తల ఊపుడు, ఆకలయితుందా అంటె తల ఊపుడు. నేనేం తప్పు చేసిన్నో అని ఒకటే ఫికర్."

వదిన దుకాణం ముందు, కొంగు తల మీదికి లాక్కుని, నా భుజం చాటున నిలబడి, నేలకేసి చూస్తూ రాగం తీసింది. ఒక్కసారే. దుకాణదారు మారు మాట్లాడకుండా లోపలికి పోయాడు. రెండు ప్లేట్లు తెచ్చాడు. మొదటిది పెట్టగానే వదిన తల ఊపింది, అడ్డంగా కాదు. మరాఠీ పాట. ఒక ఆడగొంతు, తిరగలి తిప్పుతున్నట్టు ఊగుతూ, దిగులుగా పాడుతోంది. అదే రాగం, చాచీ తీసిందే, ఒక్క మెలిక తేడా లేకుండా.

పాట దొరికింది. చాచీ వినబోతోంది. నాకు సంతోషం కలగాలి. నా లోపల ఏం కలిగిందో చదివేవాళ్ళకు ఈపాటికి చెప్పనక్కరలేదు. కరీంనగర్‌కు వెళ్ళే దారిలో ప్లేటు నేనే పట్టుకుంటానని అన్నాను. కనీసం మోత అయినా నాది కావాలి కదా. వదిన ఇచ్చేసింది. అడిగిన వెంటనే ఇచ్చేయడం కూడా నాకు నచ్చలేదు.

గడువు తీరాక చాచీ బురఖా వేసుకుని మా ఇంటికి వచ్చింది. అవ్వ చాప పరిచింది. చాచా గ్రామఫోను మా అరుగు మీదే ఉంది. నేను కొత్త సూది బిగించి, తాళం తిప్పి, ప్లేటు పెట్టాను. చాచీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. వదిన కూడా అదే చూస్తోంది. ఎవరి వైపు తిరుగుతుంది? ఎవరిని దగ్గరకు తీసుకుంటుంది?

పాట అయిపోయింది.

"గిదే," అంది చాచీ. నేను సూది ఎత్తేలోపలే, "గిది కాదు," అంది.

వదిన ముఖంలో రంగు మారడం నేను చూశాను. "గిదే చాచీ. ఒక్క పిసరు తేడా లేదు."

"రాగం గిదే బిడ్డా. పెండ్లికి ముందు ఆయన పాటల పెట్టె పట్కొని కిన్వట్ దిక్కు మరాఠోల్ల పెండ్లిండ్లకు తిరిగేటోడు, గాడ విన్నడేమో. కానీ గీమె ఏడుస్తుంది. ఆయన ఏడ్వకపోయేటోడు. మంచిగ పాడుకుంట పాడుకుంట నడుమ ఒక్కకాడ ఆగేటోడు. పోకచెక్క కొరికి, నా దిక్కు సూసి, మల్ల అందుకునేటోడు. గా ఆగుడు గిండ్ల యాడున్నది?"

"నువ్వు మాకు ఆగకుండనే పాడి ఇచ్చినవు గద!" అంది వదిన. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"ఆగుడు మీకెందుకిస్త?" చాచీ నవ్వింది. ఎన్నో ఏళ్ళు తెర వెనక నుంచి విన్న ఆ సన్నటి నవ్వే. "గది నాది."

ప్లేటును మా దగ్గరే ఉంచుకోమంది. పిల్లలకు వినిపించమంది. అవ్వతో కష్టం సుఖం మాట్లాడి, బురఖా సవరించుకుని, తన ఇంటికి తాను పోయింది.

వదిన వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. గిన్నెల చప్పుడు మామూలుగా లేదు. ఇత్తడి చెంబును అంత విసురుగా బోర్లించడం మా ఇంట్లో నా ఒక్కదాని అలవాటు.

"ఏమైంది వదినె?"

"ఏం గావాలె? గంత పాట ఇచ్చి గింత దాసుకున్నది! బస్సుల నీళ్ళు సుత తాగలే నేను. పాట యాడ పోతదో అని కన్నపిల్లలతోని మాట్లాడలే. ఇన్నేండ్లు గా తెర ఎనుక పక్కపక్కన కూసున్నం. ఒక్కనాడన్న చెప్పిందా? ఆయన నా పాట ఇన్నడు, నా పాట ఇన్నడు అని నేను ముర్సుకుంట వచ్చుడు. ఆమె నన్ను సూసి లోపల్లోపల నవ్వుకునుడు!"

నేను పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "ఇంక అను వదినె," అన్నాను.

అంది. చాలా అంది. అంత చక్కగా తిట్టగల మనిషి అన్నేళ్ళు నోరు మూసుకుని ఎట్లా ఉందో! నేను మధ్య మధ్య నాకు తోచినవి అందించాను. మంచినీళ్ళు ఇచ్చే ఆ గాజుల చేయి గురించి, ఆ నవ్వు గురించి. చాయ్ పొంగి పొయ్యిలో పడినా ఇద్దరం లేవలేదు. అవ్వ వచ్చి చూసి, మేమిద్దరం పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నడూ చూడలేదు కనుక, ఏమీ అనకుండా పొయ్యి సర్ది వెళ్ళిపోయింది.

"రేపు పోదమా?" అంది వదిన చివరికి, చేతులు తుడుచుకుంటూ.

"యాడికి?"

"చాచీ తానికి. ఏ మాట కాడ ఆగేటోడో అడుగుదం."

"చెప్పదు."

"చెప్పకుంటె కూసుందం. ఎంతసేపు చెప్పదు?"

మరునాడు వెళ్ళాం. పొద్దుగూకే దాకా కూర్చున్నాం. వదిన అడిగింది, నేను వాదించాను, ఇద్దరం కలిసి బతిమాలాం కూడా. చాచీ మా పిల్లల గురించి అడిగింది, అల్లుడి సైకిళ్ళ గురించి చెప్పింది, చాయ్ పోసి పంపింది. చెప్పలేదు.